పైకప్పు లేని ఇల్లు

బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో మా డిజైన్ స్టూడియోకి ఒక చిన్న మ్యూజియం పని వచ్చింది. లోగో, టికెట్లు, గది గదికీ బోర్డులు, అన్నీ కొత్తగా చెయ్యాలి. రేవులో బతికిన కుటుంబాల కథ చెప్పే మ్యూజియం అది. వేల్స్‌లో అక్కడి సొంత భాష వెల్ష్‌కి అధికార హోదా ఇస్తూ 2011లో చట్టం చేశారు. ప్రభుత్వ సంస్థల బోర్డుల మీద కంటికి ముందు వెల్ష్ కనపడాలి, ఆ తర్వాతే ఇంగ్లిష్. మా మ్యూజియం కూడా అదే పద్ధతి పెట్టుకుంది.

నాకు వెల్ష్ రాదు. బిగుతుగా ఉండే ఫాంట్ ఒకటి ఎంచుకుని బోర్డులు చేశాను. స్క్రీన్ మీద చాలా బాగున్నాయి. నమూనా ప్రింట్లు గోడకి అంటించిన రోజు, టికెట్ కౌంటర్లో కూర్చునే పెద్దావిడ ఒక బోర్డు ముందు ఆగిపోయారు. పాతకాలపు ఇళ్ల గది బోర్డు అది. వెల్ష్‌లో ఇంటిని 'తీ' అంటారు. ఇంగ్లిష్ టీ పక్కన వై, రెండే అక్షరాలు. వై మీద గుడిసె కప్పులాంటి గుర్తు ఉంటుంది. దాని పేరు 'తో బాఖ్', అంటే చిన్న పైకప్పు. నా బోర్డులో అది పై అంచుకి తగిలి సగం తెగిపోయింది.

ఆవిడ అక్కడ వేలు పెట్టి, "ఇంటికి పైకప్పు పోయిందమ్మా" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. విజయవాడలో డీటీపీ సెంటర్‌లో శుభలేఖలు కంపోజ్ చేస్తూ పని నేర్చుకున్నదాన్ని నేను. తలకట్టు ఎగిరిపోయినా, ఒత్తు కింది లైను మీద పడినా ఆ కార్డు బయటికి పోనిచ్చేదాన్ని కాదు. ఒత్తుకి చోటివ్వాలంటే లైన్ల మధ్య ఖాళీ పెంచాలి, అప్పుడు అక్షరం సైజు తగ్గుతుంది, పెద్దల పేర్లు చిన్నవైతే ఆ ఇంటివాళ్లు ఒప్పుకోరు. రాత్రి పదింటిదాకా అదే సర్దుబాటు. నా భాష దగ్గర అంత పట్టుపట్టిన దాన్ని, వాళ్ల గుర్తుని మాత్రం ఏదో అలంకారం అనుకున్నాను.

ఆ వారమంతా కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని ఆవిడ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. రెండు డీలు పక్కపక్కన ఉంటే వెల్ష్‌లో అది ఒకే అక్షరం. మ్యూజియంకి వాళ్లు వాడే వెల్ష్ మాటలోనే ఆ అక్షరం ఉంది. నేనేమో నిలువు బ్యానర్ మీద ఒక డీ కింద ఇంకో డీ పేర్చాను. 'అమ్మ'లో ఒత్తుని తీసి కింది లైనులో పడేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. పైకప్పున్న వై, డబ్ల్యూ చాలా పాత ఫాంట్లలో అసలు ఉండవు. కంప్యూటర్ ఆ ఒక్కదానికి వేరే ఫాంట్ నుంచి అరువు తెస్తుంది, చదివేవాళ్లకి అది వెంటనే తెలిసిపోతుంది. ఫాంట్ మార్చాను. ప్రతి బోర్డుకీ పైన రెండంగుళాలు ఖాళీ వదిలాను.

రంగుల దగ్గర కొంచెం టెన్షన్ పడ్డాం. వేల్స్ జెండాలోని ఎరుపూ ఆకుపచ్చా కావాలన్నారు, అదీ ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు. ఇక్కడి మగవాళ్లలో సుమారు 12 మందిలో ఒకరికి ఆ రెండిటి తేడా సరిగ్గా తెలియదు. బోర్డుని నలుపు తెలుపులో ప్రింట్ తీసి చూపిస్తే అక్షరాలు వెనక రంగులో కలిసిపోయాయి. ఇంక ఎవరూ వాదించలేదు. వెబ్‌సైట్లలో అక్షరానికీ వెనక రంగుకీ మధ్య 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగు తేడా) ఉండాలన్న ప్రమాణాన్నే గోడ బోర్డులకీ పెట్టుకుని, మీగడ రంగు మీద ముదురు ఎరుపు ఖాయం చేశాం.

రేవు పక్కన బ్యూట్‌టౌన్‌లో 19వ శతాబ్దం నుంచీ సోమాలీ, యెమెన్ నావికులు స్థిరపడ్డారు. ఆ రేవు కథ వాళ్లది కూడా. స్వాగతం బోర్డు మీద సోమాలీ, అరబిక్ కూడా వేద్దామని అడిగాను, ఒప్పుకున్నారు. అరబిక్ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, చుక్కలు పైనా ఉంటాయి, కిందా ఉంటాయి. ఈసారి స్క్రీన్ చూసి ఏదీ ఖాయం చెయ్యలేదు. ప్రింట్ తీసి గోడకి అంటించాను. ఆ వీధిలో ఉండే ఒక పెద్దాయన శుక్రవారం నమాజయ్యాక వచ్చి చదువుతానన్నారు.