ఈఆర్సీ స్వతంత్రత సెక్షన్ 65 దగ్గర తేలిపోతుంది

కరెంటు రేట్లు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) స్వతంత్రత అనగానే అందరూ నియామకాల గురించే మాట్లాడతారు. 2003 విద్యుత్ చట్టం ఆ విషయంలో మరీ బలహీనమైనదేం కాదు. ఎంపిక కమిటీకి హైకోర్టు మాజీ జడ్జి అధ్యక్షుడు. పదవీకాలం అయిదేళ్లు లేదా 65 ఏళ్ల వయసు వచ్చేదాకా. అదే పదవి రెండోసారి ఇవ్వరు. పదవీ విరమణకు ఆరు నెలల ముందే ఫైలు కమిటీకి పంపాలి. పంపాల్సింది ప్రభుత్వమే, చిక్కంతా అక్కడే.

అసలు పరీక్ష టారిఫ్ (కరెంటు రేట్లు) దగ్గర. ఏప్రిల్ 1 నుంచి కొత్త రేట్లు రావాలంటే డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఏడాదికి ఎంత రాబడి కావాలో చెప్పే ఏఆర్ఆర్ అంచనాను నవంబరు 30లోగా మండలికి వేయాలి, మండలికి 120 రోజుల గడువు. ఎన్నికల ముందు ఈ దాఖలు 'ఆలస్యం' కావడం మామూలే. గడువు మీద నెల దాటితే సుమోటోగా, అంటే తనంతట తానే, విచారణ మొదలుపెట్టమని మండళ్ల ఆదేశాలపై అప్పీళ్లు వినే విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2011లోనే చెప్పింది. ధైర్యం చేసే మండళ్లు తక్కువ.

మన రెండు రాష్ట్రాల్లో మండలి ముందు పూర్తి ఖర్చు రాబట్టే రేటు లెక్కగడుతుంది. యూనిట్‌కు ఏడు రూపాయలు పడిందనుకుందాం. నాలుగుకే ఇవ్వాలని ప్రభుత్వం అంటే, మిగతా మూడూ సెక్షన్ 65 కింద ముందుగానే చెల్లించాలి. చెల్లించకపోతే ఆ రాయితీ ఆదేశం చెల్లదు, మండలి వేసిన ఏడు రూపాయల రేటే అమలవ్వాలి. చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా, బకాయి పడ్డ సర్కారు మీద ఈ అస్త్రం తీయడం అరుదు. డిస్కం అప్పు చేస్తుంది, వడ్డీ పెరుగుతుంది.

ఇక్కడే వ్యవసాయ పంపుసెట్ల మెలిక. ఎక్కువ కనెక్షన్లకు మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు శాంపిల్ మీటర్లు పెట్టి మొత్తం వాడకం అంచనా కడతారు. డిస్కం చెప్పిన అంకెను మండలి తగ్గిస్తే సబ్సిడీ తగ్గుతుంది, ఆ తేడా నష్టాల ఖాతాలో పడుతుంది. తగ్గించకపోతే దొంగ కరెంటు కూడా రైతు పద్దులో దాక్కుంటుంది.

పేరుకున్న లోటు ట్రూ అప్ రూపంలో, అంటే అంచనాకూ అసలు ఖర్చుకూ ఉన్న తేడాను తర్వాత బిల్లుల్లో రాబట్టే పద్ధతిలో, తిరిగొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 నాటి బాకీని 2022లో బిల్లులకు ఎక్కించారు. ఆ మధ్యలో వచ్చి చేరిన అద్దెదారు కూడా కట్టాడు!

టారిఫ్ ఆర్డర్ చేతికొస్తే ముందు స్లాబుల పట్టిక చూడకండి. సబ్సిడీ ఎంత ఒప్పుకున్నారు, నెలనెలా ముందే కట్టమన్నారా, కట్టకపోతే ఏ రేటు అని రాశారా? ఆ పేరా వెతకండి.