రొయ్యల షెడ్డుకు ముందు ఎథిక్స్ కమిటీ

కమ్యూనిటీ మెడిసిన్ పీజీలో నా థీసిస్ రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ల చేతుల మీద. భీమవరం చుట్టుపక్కల షెడ్లలో గంటల తరబడి ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్య తల తీస్తారు, వలుస్తారు. వేళ్ల సందులు ఒరిసిపోయి, గోళ్ల చుట్టూ వాచిపోయి ఉంటాయి. నేను రక్తం తీయను, మందు ఇవ్వను. నాలుగు ప్రశ్నలు, చేతుల పరీక్ష, ఒక ఫొటో. అయినా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా మొదటి ప్రశ్న కూడా అడగకూడదు.

కమిటీ అంటే డాక్టర్లే అనుకుంటారు. లాయరు ఉండాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషీ ఉండాలి, ఛైర్మన్ బయటి సంస్థ వారై ఉండాలి. డాక్టర్లు శాంపిల్ సైజు మీద, అంటే ఎంతమందిని చూడాలన్నదాని మీద, ఒకటి రెండు ప్రశ్నలతో వదిలేశారు. లాయరుగారే పట్టుకున్నారు. "ఓనరు లెటర్ ఇచ్చాడు, బాగుందమ్మా. అది మీరు గేటు దాటడానికి. లోపల ఉన్నావిడ ఒప్పుకున్నట్టు కాదుగా?"

ఆయన గుర్తుచేసింది మన గోదావరి ఎగువ సంగతే. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగినప్పుడు, హాస్టల్లో ఉండే గిరిజన బాలికలకు అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సందర్భాలు బయటపడ్డాయి. 2010లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మా షెడ్డులో వార్డెన్ స్థానం మేస్త్రిది. ఆయన చూస్తుండగా ఎవరు కాదంటారు?

పైగా కూలి కిలోల లెక్కన. పనివేళలో నేను మాట్లాడిస్తే ఆ డబ్బు పోయినట్టే. పోయిన కూలి మేరకు ఇవ్వొచ్చు గానీ, ఆశపడి ఒప్పుకునేంత ఇవ్వకూడదు. అందుకని సాయంత్రాలు ఇళ్లకే వెళ్లడానికి అనుమతి తీసుకున్నాను. మేస్త్రి బెడదా తప్పింది.

ఒకావిడ అంతా విని, "నేను చెప్పింది మేస్త్రిగారికి తెలుస్తాదాండీ?" అని అడిగింది. పేరు రాయనని, నంబరే ఉంటుందని, పేర్ల జాబితా కాలేజీ బీరువాలో తాళం వేసి ఉంటుందని చూపించి చెప్పాను. తలూపింది. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్రకి ఇంక్‌ప్యాడ్ తీసేసరికి మళ్లీ భయం. "వేలిముద్రేస్తే పింఛను పోద్దేమోనండి." ఆ భయం తీసిపారేసేది కాదు, ఆవిడ పింఛనూ రేషనూ ఆ వేలిముద్ర మీదే నడుస్తున్నాయి మరి. చదువు రానివాళ్ల దగ్గర మా టీమ్‌కు సంబంధం లేని సాక్షి ఉండాలి. ఎదురింటి డిగ్రీ అమ్మాయిని ఆవిడే పిలిచింది. ఆ అమ్మాయి కాగితమంతా చదివి వినిపించి, సాక్షి సంతకం పెట్టాకే ఆవిడ ముద్ర వేసింది. ఫొటోకి వేరే కాగితం, ముఖం పడకుండా.

చీము పట్టిన వేళ్లు కనిపిస్తే పీహెచ్‌సీకి చీటీ రాసిచ్చేదాన్ని. రాసుకుని వచ్చేస్తే సరిపోదని కమిటీ ముందే చెప్పింది.

ఇంకొకావిడ, అంతా అయ్యాక, వద్దని కబురు పెట్టింది. కారణం చెప్పక్కర్లేదు, నేనూ అడగలేదు. ఆవిడ సమాధానాలు, ఫొటో తీసేశాం. శాంపిల్ తగ్గిందని గైడ్‌గారు కాస్త నసిగారు. బదులుగా ఇంకొకరిని చేర్చుకోవచ్చని ప్రొటోకాల్‌లోనే, అంటే అధ్యయన ప్రణాళికలోనే, రాసి ఉంది కాబట్టి సర్దుకుంది.