జానెడు తగ్గిన తుపాకి

ఆదివారం, రాత్రి పదకొండు

బాబు ఇప్పుడే నిద్రపోయాడు. ఈ వారం ఆయనకి నైట్ డ్యూటీ. పది రోజుల క్రితం మా వెనక వీధిలో, తెలుగువాళ్ళ ఇంట్లోనే, తలుపు పగలగొట్టి బంగారం ఎత్తుకెళ్ళారు. అప్పట్నుంచి ఫ్రిజ్ చప్పుడుకి కూడా లేచి కూర్చుంటున్నాను. కొత్త తుపాకి ఇంకోటి ఇంట్లోకి రావడం నాకిష్టం లేదు. ఉన్నదాన్నే నాకు సరిపోయేలా చేయించమన్నాను.

ఉన్నది రెమింగ్టన్ 870 అనే షాట్‌గన్, అంటే ఒక్క తూటాలో బోలెడు గుళ్ళుండే తుపాకి. గొట్టం లావు 20 గేజ్. ఆయన హెచ్-1బి మీద ఉన్నప్పుడు ఆఫీసువాళ్ళతో గువ్వల వేటకని కొన్నారు. వీసా మీద ఉన్నవాళ్ళకి మామూలుగా అమెరికాలో తుపాకి అమ్మరు. రాష్ట్రం ఇచ్చే హంటింగ్ లైసెన్స్ ఉంటే మాత్రం ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. ఇప్పుడు గ్రీన్ కార్డ్ వచ్చేసింది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

పొద్దున్నే షాపుకి వెళ్ళాం. అక్కడి పెద్దాయన ముందు తుపాకి ముట్టుకోలేదు. నా మోచెయ్యి మడవమని, ఆ మడత నుంచి చూపుడువేలి దాకా టేపు పెట్టి కొలిచారు. మా ఆయన స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, నాకు అంగుళంన్నర పొడుగు. ఇన్నాళ్ళూ అది పట్టుకుంటే వెనక్కి వాలిపోయేదాన్ని, బలం లేదేమో అనుకున్నాను. పిల్లల సైజు స్టాక్ వేసి, చివర మందమైన రబ్బరు ప్యాడ్ పెట్టారు. తేలిక తుపాకే ఎక్కువ తంతుందట. బరువు ఉంటే ఆ దెబ్బని కొంత తనే మింగుతుంది, 3 కిలోలకి అటూ ఇటూ ఉన్న ఇది మొత్తం భుజానికే ఇస్తుంది.

బ్యారెల్, అంటే గుళ్ళు బయటికొచ్చే గొట్టం, మార్చడం రెండు నిమిషాల పని. ముందున్న మూత తిప్పి, 26 అంగుళాలది లాగేసి, 18న్నర అంగుళాలది దోపారు. ఇంచుమించు జానెడు తగ్గింది. మా హాల్లో మూల తిరిగేటప్పుడు ఆ జానెడే గోడకి కొట్టుకునేది. ఇంట్లో రంపంతో కోసే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. 18 అంగుళాల కన్నా తగ్గితే 1934 నాటి ఫెడరల్ చట్టం కిందకి వస్తుంది, ముందస్తు అనుమతి లేకపోతే జైలే. బ్యారెల్ కింద తూటాలు నింపే గొట్టం లోపల ఒక పుల్ల లాంటిది ఉంటే అదీ తీశారు. వలస పక్షుల వేటలో మూడు తూటాల కన్నా ఎక్కువ పట్టకూడదని పెట్టేది అది. సెప్టెంబర్ 1న గువ్వల సీజన్ మొదలయ్యేలోపు మళ్ళీ పెట్టాలి. కవర్లో వేసి పైన తేదీ రాసి ఆయన వేట సంచిలో పెట్టాను.

తర్వాత రేంజ్‌లో, అంటే కాల్చడం ప్రాక్టీస్ చేసే చోట, 20 అడుగుల దూరం నుంచి కాల్చాను. గువ్వలకి వాడే గుళ్ళు ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. ఇప్పుడు కొన్న తూటాలో కందిగింజని మించిన గుళ్ళు 20 ఉంటాయి. షాట్‌గన్ అంటే గురి చూడక్కర్లేదు, అటువైపు పేలిస్తే చాలని మా స్నేహితులు చాలామంది అంటారు, నేనూ నమ్మాను. కాగితం దగ్గరికెళ్ళి చూస్తే గుళ్ళన్నీ ఒకే చోట, నా అరచెయ్యి ఆనిస్తే చిల్లులన్నీ మూసుకుపోయాయి. గురి తప్పితే మొత్తం తప్పినట్టే. అవి ఎక్కడికి వెళ్తాయి?

ఇంటికొచ్చాక ఆ ప్రశ్నే పట్టుకుంది. ఇక్కడి లోపలి గోడలు అరంగుళం జిప్సం అట్టలు, మధ్యలో ఖాళీ, గుళ్ళని ఆపవు. మా పడగ్గది గుమ్మంలో నిలబడి, నేలమీద నీలం టేపు అంటిస్తూ హాలు వైపు తిన్నగా వెళ్ళాను. టేపు గోడ దగ్గర ఆగింది. పక్క గదిలోకి వెళ్ళి అక్కణ్ణించి కొనసాగించాను. అది బాబు మంచం తలాపికి వచ్చింది. దిండు మీద వాడి డైనోసార్ బొమ్మ ఉంది.

చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

అప్పుడు వాడి గుమ్మంలో నిలబడి చూశాను. వాడు నా వెనక ఉంటాడు, ఎదురుగా వీధివైపు ఇటుక గోడ. మా గదిలో లాకర్ నుంచి అక్కడికి ఆరు అడుగులు. అంటే రాత్రి ఏదైనా అలికిడైతే లాకర్, వాడి గది, తలుపు గడియ, పోలీసులకి 911 ఫోన్. బయటికి వెళ్ళి వెతకడం లేదు. బంగారం పోతే పోనీ.

సాయంత్రం అమ్మ ఫోన్‌లో ఒకటే గోల. "ఆడపిల్లవి, నీకెందుకే తుపాకి? పసివాడున్న ఇల్లు!" పసివాడి భయమే నాదీ. ఊళ్ళో తాతయ్యకి అడవిపందుల నుంచి పొలం కాపలాకి లైసెన్స్ తుపాకి ఉండేది. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. మిగతా రోజుల్లో తూటాలు తాళమేసిన బీరువాలో, తాళంచెవి మొలతాడుకి. ఇక్కడ టెక్సాస్‌లోనూ, 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి పేలేలా ఉన్న తుపాకి అందితే నేరం ఇంటి పెద్దలదే. లాకర్ నంబర్ మార్చాను. పాతది వాడి పుట్టినరోజు.

టేపు ఇంకా తీయలేదు. పొద్దున ఆయన డ్యూటీ నుంచి రాగానే చూపించాలి.