నిద్ర పడుతోందా నాన్నా?

“రాత్రిళ్లు నిద్ర పడుతోందా నాన్నా?” అని ఫోన్‌లో ఆవిడ అడిగింది. అంతే, మా అక్క కొడుకు గొంతు పూడుకుపోయింది.

ఇంటర్ సెకండియర్. సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గది తలుపు వేసుకునే ఉన్నాడు. ఇవాళ మధ్యాహ్నం కంచంలో పప్పన్నం అలాగే ఎండిపోయి కనిపించేసరికి ఇక ఆగలేక 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అని, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్. ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2022 నుంచీ ఉందట. నాకు తెలిసింది మాత్రం నిన్న.

“నాకేం పిచ్చి పట్టలేదు పిన్నీ” అన్నాడు ముందు. సరే, నేను మాట్లాడతాను, నువ్వు పక్కన కూర్చో అన్నాను. కాసేపటికి తనే ఫోన్ తీసుకున్నాడు. మాట్లాడుతున్నంతసేపూ చాప అంచు నుంచి ఒక్కో పుల్లా లాగుతూనే ఉన్నాడు.

తర్వాత అమ్మనీ పిలవమన్నారు. ఇది నేను అనుకోలేదు. “అందరి పిల్లలూ చదవట్లేదా” అని రోజూ అనే మా అక్క, ఇవాళ ఫోన్ చెవికి ఆనించుకుని ఊఁ కొడుతూ కూర్చుంది. పెట్టేశాక, “ఎన్నాళ్ల నుంచిరా?” అంది వాడితో. ఇన్ని రోజుల్లో మార్కుల గురించి కాకుండా అడిగిన మొదటి మాట అదే.

సోమవారం జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్తున్నాం. నేను సెలవు పెట్టాను. పిల్లలున్న వాళ్లు ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి, దయచేసి.

ఇప్పుడే వంటింట్లోకి వచ్చి దోసెలున్నాయా అని అడిగాడు. పెనం పెట్టాను.