మా పికప్‌కి వెనక బంపర్ నేనే వెల్డింగ్ చేశా

మా పికప్ వెనక బంపర్ పూర్తిగా తుప్పు పట్టేసింది, వేలుతో నొక్కితే పొడి రాలేది. విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే ఒక్క పూటలో చేసిచ్చేస్తారు, లారీలకి బాడీలే కట్టే చోటు అది. కానీ నాకు ఎప్పట్నుంచో వెల్డింగ్ నేర్చుకోవాలని ఉంది, ఇదే అవకాశం అనిపించి మా వీధి చివర గేట్లు, గ్రిల్స్ చేసే బాబాయ్‌ని అడిగా. "నేర్పిస్తా రారా, కానీ ముందు తుక్కు ముక్కల మీద చెయ్యి తిరగాలి, బంపర్ సంగతి తర్వాత" అన్నాడు.

ఆయన నేర్పిన వాటిల్లో అన్నిటికంటే ముఖ్యమైంది ఎటు చూడాలి అనేది. కొత్తవాళ్ళ కళ్ళు వెలుగు మీదకే పోతాయి. చూడాల్సింది దాని వెనకాల కరిగిన ఇనుముని. హెల్మెట్‌కి ఉండే షేడ్ గ్లాసులోంచి, అంటే నల్ల అద్దంలోంచి జాగ్రత్తగా చూస్తే అక్కడ రెండు కనిపిస్తాయి, ఒకటి అద్దంలా మెరిసే ఇనుము, దాని మీద కొంచెం మసకగా తేలుతూ వచ్చే స్లాగ్, అంటే వెల్డింగ్ రాడ్డు మీది పూత కరిగి వచ్చే మడ్డి. ఆ స్లాగ్ రాడ్డు వెనకే ఉండాలి, ముందుకొచ్చిందంటే లోపల ఇరుక్కుపోతుంది, పైకి గీత అందంగానే ఉంటుంది గానీ జాయింట్‌లో బలం ఉండదు. ఇది కంటికి తెలిసిన రోజునుంచే నాకు వెల్డింగ్ వస్తోందని నమ్మకం కుదిరింది. శబ్దం కూడా చెప్తుంది, సరిగ్గా పడుతుంటే బాణలిలో బజ్జీలు వేగుతున్నట్టు ఆగకుండా వస్తుంది.

ఇంకో మంచి పద్ధతి నేర్పాడు. రెండు ఇనుప పట్టీ ముక్కల్ని టీ ఆకారంలో నిలబెట్టి ఒకవైపే వెల్డింగ్ చేసి, వైస్‌లో బిగించి వెల్డింగ్ లేని వైపునుంచి సుత్తితో కొట్టాలి. పట్టీ వంగి వెల్డింగ్ నిలబడిందా, మంచిదే. విరిగిందా, మూలలోకి చూడాలి, పట్టీ అంచు కరగకుండా కోసినట్టే నున్నగా ఉంటే ఇనుము లోపలికి దిగలేదన్నమాట, ఆంపియర్ (కరెంటు) చాల్లేదు లేదా చెయ్యి తొందరపడింది. పైపై అందం చూసి మోసపోకుండా ఇదొక్కటి చాలు, నేర్చుకునే ప్రతి ఒక్కరూ చెయ్యాల్సిందే.

బంపర్‌కి 100 బై 50 ఎంఎం ఛానల్ (U ఆకారంలో ఉండే ఇనుప కమ్మీ) తెచ్చాం, మీటరుకి 9 కిలోల పైనే ఉంటుంది. బ్రాకెట్లకి 6 ఎంఎం ప్లేటు, రాడ్డు 6013 రకం, 3.15 ఎంఎం సైజు, మెషీన్‌లో కరెంటు దాదాపు 110 ఆంప్స్. తుప్పు, పెయింటు, ఇనుము మీద ఉండే నల్ల పొర అంతా గ్రైండర్‌తో తెల్లగా వచ్చేదాకా కొట్టాం, నిజానికి ఎక్కువ టైమ్ దీనికే పట్టింది. బ్రాకెట్లని ముందు ట్యాక్‌లు (చుక్కల్లాంటి చిన్న వెల్డింగ్‌లు) మాత్రమే వేసి, మూలమట్టం పెట్టి చూసి, బండి చాసిస్ హోల్స్‌కి బోల్టులు ఎక్కించి సరిపోయాయని తేలాకే కిందకి దించి ఫుల్ వెల్డింగ్ చేశాం, అది కూడా ఒకేచోట లాగించకుండా ఈ బ్రాకెట్‌కి కొంచెం ఆ బ్రాకెట్‌కి కొంచెం, ఎందుకంటే వేడి చల్లారేటప్పుడు ఇనుము వెల్డింగ్ వైపుకి లాగేస్తుంది. బండి మీదే ట్యాక్ వేయాల్సి వస్తే బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఎర్త్ క్లాంప్ (మెషీన్ రెండో వైరు క్లిప్పు) వెల్డింగ్ పక్కనే పెట్టాలి.

హెల్మెట్‌కి 11 నంబర్ గ్లాస్ వాడండి, కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని చేద్దామనుకోవద్దు ప్లీజ్, కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట వెంటనే రాదు, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. జింక్ పూత ఉన్న ఇనుమైతే పూత గ్రైండ్ చేసేయాలి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

ముందు వైపు కూడా పైపులతో గార్డ్ కట్టేయమని ఫ్రెండ్స్ అన్నారు, నేను ఒప్పుకోలేదు. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ అలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అవి కుదరవు. చట్టం సంగతి పక్కన పెట్టినా, రోడ్డు మీద నడిచే మనిషికి ఆ పైపు తగిలితే ఏమవుతుందో ఆలోచించండి. వెనక బంపర్ కూడా కంపెనీ ఎత్తు, కంపెనీ వెడల్పే, ఎటూ బయటకి పొడుచుకు రాదు.

తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు, మీద నలుపు పెయింటు, ఎర్ర రిఫ్లెక్టర్ టేపు. ఛానల్‌లో నీళ్ళు నిలవకుండా కింద రెండు హోల్స్ పెట్టాం, పాతది కుళ్ళింది అక్కడినుంచే.