వంద మీద డెబ్బై

ఇంగ్లండ్‌లో మేముండే ఊళ్ళో పార్కింగ్ మెషిన్ పాడై డబ్బు కట్టలేకపోతే, ఓ ప్రైవేటు కంపెనీ 100 పౌండ్ల నోటీసు పంపింది. వాదిస్తుండగానే ఎర్రక్షరాల ఉత్తరం, వసూలు ఖర్చని మరో 70! ఒక్క కాగితం ముక్కకి అంతా? మా ఆయన ‘కట్టేసి వదిలించుకుందాం’ అంటారు. ఈ తాటాకు చప్పుళ్ళ మీదే వీళ్ళ వ్యాపారమంతా.

ఇలాంటి ప్రైవేటు పార్కింగ్ కంపెనీలకి నియమావళి పెట్టాలని చట్టం 2019లోనే వచ్చింది. దాని కింద ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నియమావళి లండన్ బయట చాలావరకు చార్జీలని 50కి దించి, ఈ వసూలు ఫీజు వద్దంది. కంపెనీలు కోర్టుకెక్కాయి, జూన్‌కల్లా ఆ నియమావళి వెనక్కిపోయింది. 2025 జులైలో కొత్త నియమావళి మీద ప్రభుత్వం మళ్ళీ ప్రజాభిప్రాయం అడిగింది. నా జవాబులో చార్జీ సంగతి రెండు ముక్కల్లో తేల్చి, డెబ్బై గురించే కడుపులో ఉన్నదంతా కక్కేశాను. కంపెనీకి మాత్రం పాడైన మెషిన్ ఫోటో పంపాను, పైసా పంపలేదు.