ఈవర్సా, ఆర్చా? డాలస్ నుంచి ఆస్టిన్ దాకా ఒకటే గొడవ

డాలస్ నుంచి ఆస్టిన్‌కి బస్సు టికెట్ ఆ రోజు మామూలు రేటుకి మూడింతలు పలికింది. 2024 అక్టోబర్ 19, శనివారం. ఆ వారాంతంలోనే ఆస్టిన్ శివార్లలో ఫార్ములా వన్ కార్ల పందెం. ఆ సాయంత్రమే ఊరి నడిబొడ్డున యూనివర్సిటీ స్టేడియంలో టెక్సస్, జార్జియా యూనివర్సిటీ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్. రెండూ ఒకేసారి పడేసరికి హోటళ్ళవాళ్ళు ఒక రాత్రికి చెప్పిన రేటుకి గుంటూరులో రెండు నెలల ఇంటి అద్దె కట్టొచ్చు. ఇది వ్యాపారం కాదు, దోపిడీ. మా మేనల్లుడు అక్కడే ఎమ్మెస్ చదువుతున్నాడు. "హోటల్ దేనికి మావయ్యా, మా హాల్లో గాలి పరుపు ఉంది, వచ్చెయ్" అన్నాడు కాబట్టి బయల్దేరాను. లేకపోతే ఇర్వింగ్‌లో మా అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయేవాణ్ణి.

ఆస్టిన్‌లో కాపిటల్ భవనం చూశాను, కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద గబ్బిలాలు ఎగరడం చూశాను. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ బస్సు ప్రయాణం, ఆ సాయంత్రం, టెక్సస్ జట్టుని ఈవర్స్ నడపాలా, ఆర్చ్ నడపాలా అన్న గొడవ.

బస్సు నిండా టెక్సస్ జట్టు రంగు, కాలిన ఇటుక రంగే. టీషర్టులు, టోపీలు, ఒకావిడ చెవి కమ్మలు కూడా అదే రంగు. నా పక్క సీట్లో డెబ్బై అయిదు దాటిన పెద్దాయన. అవతలి వరసలో ఇద్దరు కుర్రాళ్ళు, అందులో ఒకడి చొక్కా మీద 16 అంకె. బస్సు డాలస్ దాటకముందే పెద్దాయన ఆ అంకె చూసి, "మొదటివాడు ఉండగా రెండోవాడి చొక్కా వేసుకున్నావేం బాబూ?" అన్నాడు. అంతే, మొదలైంది.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడనివాళ్ళకి కాస్త చెప్పాలి. మన ఫుట్‌బాల్‌కీ దీనికీ సంబంధం లేదు. బంతి చేతిలో పట్టుకుని ఆడతారు. పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు అవకాశాలు. ప్రతిసారీ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. ఎదుటి జట్టు భారీ మనుషులు మీద పడేలోపు రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో, ఎవరి చేతికివ్వాలో, తానే పరిగెత్తాలో అతనే తేల్చుకోవాలి. గెలిస్తే ఊరు ఊరంతా అతన్ని మోస్తుంది, ఓడితే అతన్నే తిడుతుంది. మైదానంలో ఒక్కడే ఉంటాడు కాబట్టి రెండో క్వార్టర్‌బ్యాక్ బెంచీ మీద కూర్చోవాల్సిందే.

ఆ ఏడాది టెక్సస్‌లో మొదటివాడు క్విన్ ఈవర్స్. డాలస్ పక్కనే ఉన్న సౌత్‌లేక్ కుర్రాడు. హైస్కూల్ ఆఖరి ఏడాది వదిలేసి ఒహాయో స్టేట్‌కి వెళ్ళి, అక్కడ ఆడే అవకాశం పెద్దగా రాక ఆస్టిన్‌కి తిరిగొచ్చాడు. 2023లో అలబామాని వాళ్ళ సొంతగడ్డ మీద 34-24తో ఓడించి, బిగ్ 12 అనే లీగ్ టైటిల్ తెచ్చి, దేశంలో మొదటి నాలుగు జట్లలో టెక్సస్‌ని నిలబెట్టాడు. రెండోవాడు ఆర్చ్ మానింగ్, ఆ 16 నంబర్ చొక్కా అతనిదే. ఈ ఆట తెలిసినవాళ్ళకి ఆ ఇంటిపేరు చాలు. తాత ఆర్చీ మానింగ్, బాబాయిలు పేటన్, ఈలై. బాబాయిలిద్దరూ ప్రొఫెషనల్ ఆటలో ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ని చెరో రెండుసార్లు గెలిచారు. సెప్టెంబర్‌లో ఈవర్స్‌కి పక్క కడుపు కండరం పట్టేస్తే ఆర్చ్ దిగాడు. దిగిన మ్యాచ్‌లోనే 67 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించాడు. తర్వాత రెండు మ్యాచ్‌లు మొదటి నుంచీ ఆడి గెలిపించాడు. ఈవర్స్ కోలుకుని అక్టోబర్ 12న డాలస్‌లో ఓక్లహోమాని 34-3తో చిత్తు చేశాడు. జట్టు దేశంలో నంబర్ వన్. అయినా బస్సులో సగం మందికి ఆర్చే కావాలి.

16 నంబర్ కుర్రాడి వాదన గట్టిదే. "2022లో ఈవర్స్‌కి మెడ పక్క ఎముక, 2023లో భుజం, ఇప్పుడు కడుపు. ప్రతి ఏడాదీ దెబ్బే. వాళ్ళు మీద పడితే కదలలేడు. ఆర్చ్ అయితే విసరగలడు, పరిగెత్తగలడు. ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు.

పెద్దాయన తొందరపడలేదు. "ఆర్చ్ ఎవరి మీద ఆడాడు? టెక్సస్ శాన్ ఆంటోనియో, లూసియానా మన్రో, మిసిసిపి స్టేట్. ఇవాళ వచ్చేది జార్జియా. 2021లో, 2022లో దేశం మొత్తానికి చాంపియన్" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నాకు చెబుతున్నట్టే ఆ కుర్రాళ్ళకి పాత కథ చెప్పాడు.

1968లో ఆయన అక్కడ విద్యార్థి. అప్పటి కోచ్ డారెల్ రాయల్. ఇవాళ స్టేడియానికి ఉన్నది ఆయన పేరే. క్వార్టర్‌బ్యాక్ బిల్ బ్రాడ్లీని అందరూ 'సూపర్ బిల్' అనేవాళ్ళట. ఆ ఏడాది మొదటి మ్యాచ్ సమం, రెండోది ఓటమి వైపు నడుస్తోంది. రాయల్ బ్రాడ్లీని పక్కన కూర్చోబెట్టి జేమ్స్ స్ట్రీట్ అనే కుర్రాణ్ణి దింపాడు. ఆ మ్యాచ్ ఎలాగూ పోయింది. కానీ ఆ తర్వాత స్ట్రీట్ మొదటి నుంచీ ఆడిన 20 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. 1969లో జాతీయ చాంపియన్లు అయ్యారు. బ్రాడ్లీ ఏం చేశాడు? అలిగి వెళ్ళిపోలేదు. బంతి విసిరేవాడు కాస్తా ఎదుటివాళ్ళు విసిరిన బంతుల్ని లాక్కునేవాడిగా మారాడు. అదే ఏడాది టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద ఒక్క మ్యాచ్‌లో నాలుగు బంతులు లాక్కున్నాడు. తర్వాత ఫిలడెల్ఫియా ప్రొఫెషనల్ జట్టులోనూ అదే పనిలో పేరు తెచ్చుకున్నాడు.

"చూశారా, అప్పుడు మార్చబట్టే గెలిచారు!" అని కుర్రాళ్ళిద్దరూ ఒక్కసారే అన్నారు.

"రాయల్ అప్పుడు విష్‌బోన్ అనే కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. దానికి స్ట్రీట్ చెయ్యి కుదిరింది. ఇంటిపేరు చూసి మార్చలేదు" అన్నాడు పెద్దాయన. 2001 సంగతి కూడా ఎత్తాడు. అప్పుడు పెద్ద ఇంటిపేరువాడు క్రిస్ సిమ్స్, సూపర్ బౌల్ గెలిచిన ఫిల్ సిమ్స్ కొడుకు. బెంచీ మీద ఉన్నవాడు మేజర్ ఆపిల్‌వైట్. కొలరాడో మీద టైటిల్ మ్యాచ్‌లో సిమ్స్ బంతులు వరసగా పోగొడితే ఆపిల్‌వైట్ వచ్చి దాదాపు గెలిపించినంత పని చేశాడు, 39-37తో ఓడారు. "ఆ ఓటమికి మా ఇంట్లో ఇప్పటికీ నేనూ మా ఆవిడా దెబ్బలాడుకుంటాం" అన్నాడాయన, నవ్వకుండా.

వేకోలో బస్సు ఆగింది. ఒక కాఫీ, ఒక బన్ను తొమ్మిది డాలర్లు. రూపాయల్లోకి లెక్కేసుకోవద్దని మా అమ్మాయి చెబుతూనే ఉంటుంది. ఆ బన్నుకి లెక్కేసుకోకుండా ఉండటం నావల్ల కాలేదు.

టెంపుల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. 35వ నంబర్ రోడ్డు సంగతి తెలిసిందే కదా, కదిలితే కదిలినట్టు. పెద్దాయన అడిగాడు, "మీ దేశంలో ఇలాంటి తగాదాలు ఉంటాయా?"

నేను అంబటి రాయుడి గురించి చెప్పాను. 2019 ప్రపంచ కప్‌కి జట్టుని ప్రకటించిన రోజు గుంటూరు బ్రాడీపేటలో మేం టీ తాగుతూ నిలబడ్డ చోటే రెండు గంటలు గడిచిపోయాయి. రాయుడు మా ఊరివాడు. అతన్ని తీసేసిన సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్ కూడా మా ఊరివాడే. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడని విజయ్ శంకర్‌ని తీసుకున్నారు. రాయుడు త్రీడీ కళ్ళద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ పెట్టాడు. శంకర్‌కి దెబ్బ తగిలాక కూడా రాయుణ్ణి పిలవలేదు. జులైలో అతను రిటైర్మెంట్ ప్రకటించేశాడు. ఇదంతా వినీ పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఎలా ఆడేవాడు?" 55 వన్డేల్లో సగటు 47 అన్నాను. ఆయనకి క్రికెట్ తెలీదు. అది మంచి లెక్కేనా అని అడిగి, చాలా మంచిదని చెప్పాక తల ఊపాడు. అక్కడితో నేను ఎటువైపో తేలిపోయింది. కళ్ళముందు పనిచేసి చూపించినవాణ్ణి, ఇంకా పూర్తిగా చూడని ఒకడి కోసం పక్కన పెట్టడం నాకు మొదటి నుంచీ నచ్చదు.

స్టేడియం హైవేని ఆనుకునే ఉంటుంది. బస్సు దిగేసరికి ఆ చుట్టుపక్కలంతా పొగ, మాంసం కాల్చే వాసన. చూపుడు వేలు, చిటికెన వేలు ఎత్తి ఎద్దు కొమ్ముల గుర్తు చూపిస్తూ జనం. టికెట్లు చేతులు మారి వందల డాలర్లకి అమ్ముతున్నారు. అంత పెట్టి చూడాల్సిన పని లేదనిపించి మేనల్లుడి గదికే వెళ్ళాను.

వాడి గదిలో నలుగురు కుర్రాళ్ళు. విజయవాడ, వరంగల్, కర్నూలు, మావాడు. నలుగురూ ఆర్చ్ వైపే. "అంకుల్, మానింగ్ అంటే మామూలు ఫ్యామిలీ కాదు" అన్నాడు వరంగల్ అబ్బాయి. మనవాళ్ళకి వారసుడంటే ఎంత మోజో నాకు కొత్త కాదు. సినిమాల్లో, రాజకీయాల్లో చూస్తూనే ఉన్నాం. అయితే ఆర్చ్ విషయంలో ఒక సంగతి నన్ను కదిలించింది. ఈ రోజుల్లో కాలేజీ ఆటగాడు చోటు దక్కకపోతే మరుసటి ఏడాదే ఇంకో కాలేజీకి వెళ్ళిపోవచ్చు. ఏ కాలేజీ అయినా ఆర్చ్‌ని నెత్తిన పెట్టుకునేది. అతను వెళ్ళలేదు. ఆస్టిన్‌లోనే బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం చూశాడు. వారసుడు అలా వరసలో నిలబడటం నేను మనవైపు చూడలేదు.

సాయంత్రం ఆరున్నరకి మ్యాచ్. కిటికీ తెరిచే ఉంది. స్టేడియం కేక ముందు కిటికీలోంచి వచ్చేది, కొన్ని సెకన్ల తర్వాత టీవీలో కారణం తెలిసేది. మొదటి సగంలో చాలాసేపు కేకలే లేవు. జార్జియా వాళ్ళు ఈవర్స్ మీద విరుచుకుపడ్డారు. జేలన్ వాకర్ ఒక్కడే ఆ రాత్రి మూడుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ని పడేశాడు. ఈవర్స్ ముందు నిలబడి కాపాడాల్సినవాళ్ళు వరసగా చేతులెత్తేశారు. అతనూ తడబడ్డాడు, బంతి పోగొట్టాడు. రెండో క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) చివర కిటికీలోంచి పెద్ద కేక. గదిలో నలుగురూ లేచారు. టీవీలో చూస్తే టెక్సస్ కోచ్ సార్కీసియన్ ఆర్చ్‌ని దింపాడు.

ఆ కేక నాకు బాధ కలిగించింది. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు, వారం క్రితమే ఓక్లహోమాని ఓడించినవాడు, సొంత ఊరి జనం తన బదులు ఇంకొకడు వచ్చినందుకు సంబరపడుతుంటే పక్కన నిలబడి వినాలి. ఇంతాచేసి ఏం మారింది? ముందున్న కాపలా అదే, జార్జియా అదే. ఆర్చ్ చేతిలోంచీ బంతి జారింది. సగం ఆటకి 23-0.

"ఇప్పుడు చెప్పండిరా" అన్నాను.

"రెండు నిమిషాల్లో ఎవడు మాత్రం ఏం చేస్తాడు మావయ్యా?" అన్నాడు మావాడు.

నేను పొద్దుట్నుంచీ అంటున్నదీ అదే.

రెండో సగంలో ఈవర్సే తిరిగొచ్చాడు. కాస్త కాస్తగా ఆట కుదిరింది. మూడో క్వార్టర్లో టెక్సస్ ఆటగాడు జాదే బారన్ జార్జియా బంతిని లాక్కుంటే అంపైర్లు తప్పు పట్టి రద్దు చేశారు. జనం మైదానంలోకి సీసాలు విసిరారు. ఆట ఆగింది. శుభ్రం చేసేలోపు అంపైర్లు మళ్ళీ మాట్లాడుకుని నిర్ణయం మార్చుకున్నారు. వెంటనే ఈవర్స్ టచ్‌డౌన్ విసిరాడు, 23-15. సీసాలు విసిరినందుకు లీగ్ తర్వాత యూనివర్సిటీకి 2,50,000 డాలర్ల జరిమానా వేసింది, వెయ్యాల్సిందే. నిర్ణయం సరైనదే కావచ్చు, ఆ మనుషుల పద్ధతి మాత్రం సిగ్గుచేటు. చివరికి జార్జియా 30-15తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక కోచ్, ఈవర్సే మా మొదటి క్వార్టర్‌బ్యాక్ అని తేల్చి చెప్పాడు. గదిలో ఎవరికీ అది రుచించలేదు. పులిహోర మాత్రం అర్ధరాత్రి దాకా తిన్నారు.

ఆ ఏడాది ఈవర్స్ జట్టుని మళ్ళీ ఆఖరి నాలుగింటి దాకా తీసుకెళ్ళాడు. కాటన్ బౌల్ అనే సెమీఫైనల్లో ఒహాయో స్టేట్‌తో స్కోరు సమం చేసే అవకాశం అందేలా ఉన్న సమయంలో జాక్ సాయర్ అతని చేతిలోని బంతిని పడగొట్టి, 83 గజాలు పరిగెత్తి ఆట ముగించాడు. ఆ సాయర్ ఒకప్పుడు ఒహాయోలో ఈవర్స్ గదిలో ఉన్నవాడే. తర్వాత ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఈవర్స్‌ని మయామీ జట్టు ఏడో రౌండ్‌లో, 231వ వాడిగా తీసుకుంది. రెండుసార్లు ఆఖరి నాలుగింటికి చేర్చినవాడికి ఇదా విలువ అని నాకు కోపం వచ్చింది.

2025లో ఆర్చ్ వంతు వచ్చింది. మొదటి మ్యాచ్ ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓటమి. ఎల్ పాసో యూనివర్సిటీ మీద గెలుస్తూ ఉండగానే, బంతులు గురి తప్పుతున్నాయని అదే స్టేడియంలో అదే జనం అతన్ని గేలి చేశారు. ఆ రాత్రి మావాడు ఫోన్ చేసి, "మావయ్యా, ఇతను కూడా లాభం లేదు, మార్చాల్సిందే" అన్నాడు.

ఆ అబ్బాయి రెండేళ్ళు కూర్చుని వచ్చాడు, ఏడాదైనా ఆడనివ్వండ్రా అని గట్టిగానే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. అరగంట వాదించుకుని ఫోన్ పెట్టేశాం.